రోజుకో గంట

మన పిన్‌కోడ్ లాంటిదే బ్రిటన్‌లో పోస్ట్‌కోడ్. 1959లో నారిచ్ పట్నంలో ప్రయోగంగా మొదలై, 1974 నాటికి దేశంలో ప్రతి చిరునామాకూ అది వచ్చి చేరింది. ఉత్తరాలను చేత్తో కాకుండా యంత్రాలతో ఊళ్ళవారీగా వేరు చేయించాలన్నది దాని ఉద్దేశం. చిక్కేమిటంటే, ఆ కాలపు యంత్రానికి చేతిరాత చదవడం రాదు. మనిషి ఒకడు కీబోర్డు ముందు కూర్చుని, ఎదుటికొచ్చి నిలిచిన ఒక్కొక్క కవరు మీది కోడ్‌నూ చూసి టైపు కొట్టాలి. అప్పుడు యంత్రం ఆ కవరు మీద కొన్ని చుక్కలు ముద్రిస్తుంది. అక్కణ్ణుంచి మిగతా యంత్రాలు ఆ చుక్కలు చదువుకుంటూ ఉత్తరాన్ని ముందుకు పంపిస్తాయి. అంటే, ఏళ్ళ తరబడి కవర్లను గూళ్ళలో సర్దుతూ వచ్చిన పోస్ట్‌మన్లు ఇప్పుడు టైపు నేర్చుకోవాలి.

వాళ్ళకు రోజుకు ఎంతసేపు నేర్పితే బాగా వస్తుంది? ఈ ప్రశ్నను తపాలా శాఖ గాలికి వదిలెయ్యకుండా, కేంబ్రిడ్జ్‌లోని అప్లైడ్ సైకాలజీ యూనిట్ దగ్గరికి తీసుకువెళ్ళింది. జ్ఞాపకశక్తి మీద పనిచేసేవాళ్ళలో ఆ తరానికి పెద్ద పేరైన ఆలన్ బ్యాడ్లీ అప్పుడు అక్కడే ఉన్నాడు. ఆయనా, లాంగ్‌మన్ అనే ఆయనా కలిసి చేసిన ప్రయోగం 1978లో అచ్చయింది. రోజూ కాస్తంత తీరిక మాత్రమే దొరికేవాళ్ళందరూ తెలుసుకోవలసిన ప్రయోగమది.

మొత్తం 72 మంది పోస్ట్‌మన్లను నాలుగు జట్లు చేశారు. మొదటి జట్టుకు రోజుకు ఒకే ఒక్క గంట. రెండో జట్టుకు గంట చొప్పున రోజుకు రెండుసార్లు. మూడో జట్టుకు రోజుకు ఒకేసారి, కానీ రెండు గంటలు ఏకబిగిన. నాలుగో జట్టుకు రెండేసి గంటలు రెండుసార్లు, అంటే రోజుకు నాలుగు గంటలు. బోధన, కీబోర్డు, పాఠాలు అందరికీ ఒకటే. తేడా అల్లా రోజుకు పడే మోతాదులో.

ఏ అక్షరం ఎక్కడుందో వేళ్ళకు తెలియడానికి నాలుగో జట్టుకు 50 గంటల దాకా పట్టింది. రోజుకో గంట జట్టుకు 35 గంటలు సరిపోయాయి. నిమిషానికి 80 మీటలు నొక్కే వేగం అందుకోవడానికి నాలుగు గంటల జట్టు 80 గంటలు ఖర్చుపెట్టింది, ఒక గంట జట్టు 55 గంటలు. మధ్య జట్లు రెండూ మధ్యనే పడ్డాయి. కొన్ని నెలలు టైపు ముట్టకుండా ఉంచి మళ్ళీ పరీక్షించినప్పుడు కూడా వెనకబడింది నాలుగు గంటల జట్టే.

ఇక్కడిదాకా అందరూ సంతోషించవచ్చు. అసలు సంగతి తరువాత వచ్చింది. ఈ శిక్షణ మీకెలా ఉందని పోస్ట్‌మన్లను అడిగారు. అందరికంటే తక్కువ గంటల్లో నేర్చుకున్న మొదటి జట్టువాళ్ళే అందరికంటే ఎక్కువ అసంతృప్తి చూపించారు. అందరికంటే ఎక్కువ గంటలు పోసిన నాలుగో జట్టు తృప్తిగా ఉంది. దీనికి కారణం ఉంది. 80 గంటలు రోజుకు నాలుగు చొప్పున నాలుగు వారాల్లో గడిచిపోతాయి. 55 గంటలు రోజుకొకటి చొప్పున పదకొండు వారాలు సాగుతాయి. పక్క జట్టువాడు నెల తిరిగేసరికి టకటకా కొడుతూంటే మనం ఇంకా మీటలు వెతుక్కుంటూంటాం. గడియారం ప్రకారం గెలుస్తున్నవాడు క్యాలెండర్ చూసి ఓడిపోతున్నాననుకున్నాడు.

మన ఊళ్ళలో ఇదే ప్రయోగం ఎవరూ ప్రయోగమని అనుకోకుండా దశాబ్దాల పాటు జరిగింది. టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది: ఉదయం ఆరింటి బ్యాచ్, ఏడింటి బ్యాచ్ అని మనిషికి రోజుకో గంట. గంట కాగానే వెనక నిలబడ్డ కుర్రాడికి మిషన్ అప్పగించి లేవాలి. మిషన్లు తక్కువ, నేర్చుకునేవాళ్ళు ఎక్కువ గనక ఆ ఏర్పాటు పుట్టింది తప్ప మనస్తత్వశాస్త్రం చదివి ఎవరూ పెట్టలేదు. అయినా లోయరు, హయ్యరు టైపు పరీక్షలు పాసై గుమాస్తా ఉద్యోగాల్లో చేరిన ఒక తరం మొత్తాన్ని తయారుచేసింది ఆ ఒక్క గంటే. బ్యాడ్లీ వాళ్ళను చూసి ఉంటే ముచ్చటపడేవాడు.

తక్కువ సమయం ఎక్కువ ఫలితం ఎందుకిస్తుంది? దీనికి మొదటి ఆధారం తపాలా శాఖకు దాదాపు నూరేళ్ళ ముందుది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు తన మీద తానే ప్రయోగాలు చేసుకున్నాడు. అర్థంలేని చిన్న అక్షర గుచ్ఛాలు రెండు వేల పైచిలుకు తయారుచేసుకుని, వాటిని వరసలుగా పేర్చి బట్టీ పట్టి, ఎంతకాలానికి ఎంత మరిచిపోతున్నాడో లెక్కరాసుకున్నాడు. అర్థమున్న మాటలైతే పాత జ్ఞాపకాలు సాయపడి లెక్క చెడగొడతాయని ఆయన భయం. 1885లో వచ్చిన ఆయన పుస్తకంలో అందరూ చెప్పుకునేది మరుపు రేఖను గురించి. నేర్చుకున్న తొలి గంటలోనే సగానికి పైగా జారిపోవడం, తరువాత మరుపు నెమ్మదించడం అందులో కనిపిస్తాయి. అంతగా చెప్పుకోని లెక్క ఇంకొకటుంది. పన్నెండు గుచ్ఛాల వరసను ఒకే రోజు 68 సార్లు వల్లెవేస్తే ఎంత ఫలితం దక్కిందో, మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లెవేస్తే అంతే దక్కింది. మిగిలిన ముప్ఫై సార్లు వృథా శ్రమ అన్నమాట.

ఎబ్బింగ్‌హౌస్‌కు ఇలా అవుతుందని తెలిసింది గానీ ఎందుకవుతుందో తెలుసుకునే దారి లేదు. ఆ దారి చూపించినవాటిలో ఒకటి ఎప్లీసియా అనే సముద్రపు జీవి. జానెడు పొడవుండే ఈ నత్తజాతి ప్రాణికి నాడీకణాలు తక్కువ, ఉన్నవి బాగా పెద్దవి. అందుకే ఎరిక్ కాండెల్ దాన్ని ఎంచుకున్నాడు. 2000లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిందీ అదే. దాని ఒంటిని నీటిధారతో తాకితే మొప్పను లోపలికి ముడుచుకుంటుంది. పదే పదే తాకితే, ఇది ప్రమాదం కాదని నేర్చుకుని ముడుచుకోవడం తగ్గిస్తుంది. 1972లో కాండెల్ బృందం కొన్ని ఎప్లీసియాలను ఒకే రోజు నలభై సార్లు తాకింది. మరికొన్నిటిని రోజుకు పది సార్ల చొప్పున నాలుగు రోజులు తాకింది. మొత్తం నలభై అక్కడా నలభై ఇక్కడా. నాలుగు రోజులకు పంచినవాటిలో ఆ పాఠం మూడు వారాలైనా నిలిచింది. ఒకే రోజు నేర్చినవాటిలో అంతకాలం నిలవలేదు. మెదడు అనదగ్గ మెదడే లేని ప్రాణి కూడా మోతాదు గుర్తుపడుతోంది.

ఆ తరువాత ఈగల వంతు వచ్చింది. మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలకు ఒక వాసనను, దాంతోపాటు చిన్న కరెంటు షాకును ఇచ్చి, ఆ వాసన వస్తే తప్పుకోవడం నేర్పవచ్చు. టిమ్ టల్లీ బృందం 1994లో ప్రకటించిన ప్రయోగంలో రెండు గుంపుల ఈగలకూ ఈ పాఠం పదిసార్లు చెప్పారు. ఒక గుంపుకు వరసబెట్టి పది. రెండో గుంపుకు పాఠానికీ పాఠానికీ మధ్య పదిహేను నిమిషాల విరామం. వరసబెట్టి నేర్చినవాటికి కొన్ని రోజుల్లో పాఠం ఎగిరిపోయింది, విరామంతో నేర్చినవాటికి వారం తరువాతా గుర్తుంది. అప్పుడు ఇంకో మెలిక పెట్టారు. కణాల్లో ప్రొటీన్ల తయారీని అడ్డుకునే మందు తినిపించారు. వరసబెట్టి నేర్చిన జ్ఞాపకానికి దానివల్ల తేడా రాలేదు. విరామాల వల్ల ఏర్పడే దీర్ఘకాలిక జ్ఞాపకం మాత్రం ఏర్పడలేదు.

గుట్టు ఇక్కడ బయటపడుతుంది. కాసేపు నిలిచే జ్ఞాపకానికి నాడీకణాల మధ్య ఉన్న అతుకులు తాత్కాలికంగా చురుకైతే చాలు. రోజులకు, నెలలకు నిలవాలంటే కణం లోపల జన్యువులు కొన్ని మేలుకోవాలి, కొత్త ప్రొటీన్లు తయారుకావాలి, అవి అతుకుల దాకా చేరి వాటిని బలపరచాలి. ఈ పనికి నిమిషాలు, గంటలు పడుతుంది. అది నడుస్తూండగా మళ్ళీ మళ్ళీ అదే పాఠం తెచ్చి గుమ్మరిస్తే పని వేగం పెరగదు. సున్నం వేసేవాడు మొదటి పూత ఆరకుండా రెండోది వెయ్యడు, వేస్తే రెండూ కలిసి రాలతాయి.

ఈ ఆరే పనిలో నిద్రకూ భాగముంది. 2002లో మాథ్యూ వాకర్ బృందం కొందరితో వేళ్ళను ఒక వరసలో మీటల మీద నొక్కించింది, టైపు లాంటిదే. పగలంతా గడిచినా మెరుగుపడని వేగం, ఒక రాత్రి నిద్రపోయి లేచాక అదనపు సాధన ఏమీ లేకుండానే దాదాపు 20 శాతం పెరిగింది. అందులో కొంత కేవలం అలసట తీరడం వల్లేనని తరువాత అభ్యంతరాలు వచ్చాయి. ఆ అభ్యంతరాలు సబబే అనుకుంటాను. అయితే చేతి విద్యకైనా తలలో విద్యకైనా నిద్ర సాయపడుతుందన్న మాటను అవి కొట్టిపారేయలేదు.

కాబట్టి రోజుకు గంట మాత్రమే ఖాళీ ఉన్నవాడికి మిగతా 23 గంటలూ పోయినట్టు కాదు. ఆ గంటలో పడ్డ విత్తు మొలకెత్తేది వాటిలోనే. ఇది ఇంత తేలికగా రుజువవుతున్నా మనుషులు నమ్మరు. నమ్మకపోవడాన్ని కూడా కొలిచారు. నేట్ కోర్నెల్ 2009లో విద్యార్థులకు చీటీల మీద మాటలిచ్చి నేర్చుకోమన్నాడు. పెద్ద కట్టను ఎడం ఎడంగా తిప్పడం ఒక పద్ధతి, చిన్న చిన్న కట్టలు చేసి వెంటవెంటనే తిప్పడం ఇంకో పద్ధతి. నూటికి తొంభై మందికి ఎడంగా తిప్పడమే మేలు చేసింది. నేర్చుకోవడం అయిన వెంటనే అడిగితే నూటికి డెబ్బైరెండు మంది వెంటవెంటనే తిప్పినదే బాగా పనిచేసిందన్నారు.

పోస్ట్‌మన్ల అసంతృప్తీ ఈ విద్యార్థుల పొరపాటూ ఒకే వేరునుంచి పుట్టాయి. ఇప్పుడే చూసిన మాట మళ్ళీ కళ్ళబడితే తెలిసినదే అనిపిస్తుంది, ఆ తేలికను మనం నేర్చుకోవడం అనుకుంటాం. నిన్నటి పాఠం ఇవాళ తడుముకోవలసివస్తే వెనక్కి పోయామనుకుంటాం. నిజానికి ఆ తడుములాటే మందు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ ఒక చిన్న వ్యాసాన్ని కొందరి చేత నాలుగుసార్లు చదివించారు. ఇంకొందరి చేత ఒక్కసారి చదివించి, మూడుసార్లు పుస్తకం మూసేసి గుర్తున్నంతా రాయించారు. అయిదు నిమిషాల్లో పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్ళది పైచెయ్యి, 83కు 71. వారం ఆగి పెడితే వాళ్ళకు 40 శాతం గుర్తుంది, పుస్తకం మూసి రాసినవాళ్ళకు 61.

తెలుగు నేలమీద ఈ అంకెలు గోడమీద రాయించి పెట్టవలసిన చోట్లు నాకు కొన్ని తెలుసు. తెల్లవారకముందు మొదలై రాత్రి పదింటిదాకా సాగే స్టడీ అవర్లతో ఇంటర్మీడియెట్ పిల్లల్ని కూర్చోబెట్టే హాస్టళ్ళు. అక్కడ నడిచేది నాలుగో జట్టు శిక్షణ, అది కూడా నాలుగు గంటలతో ఆగదు. పిల్లవాడు ఎన్ని గంటలు కూర్చున్నాడో తల్లిదండ్రులకు కనిపిస్తుంది, ఎంత మిగిలిందో కనిపించదు. ఫీజు కట్టినవాళ్ళకు కూర్చున్న గంటలే తృప్తి.

అలాగని ఒకేసారి ముంచెత్తడం ఎన్నడూ పనికిరాదనుకోకూడదు. నెల తిరిగేసరికి పోస్ట్‌మన్ బల్ల ముందు కూర్చుని తీరాలంటే నాలుగు గంటల జట్టే గతి. ఎక్కువ గంటలు తగలేసినా వాళ్ళు తేదీకి అందుకున్నారు. రేపు పొద్దున పరీక్ష ఉన్నవాడికి ఈ రాత్రి విరామాల గురించి పాఠం చెప్పడం క్రూరత్వం. గడువు దగ్గరలో లేనివాళ్ళ కోసమే ఈ అధ్యాయం. తీరిక తక్కువ, గడువు లేదు అనే స్థితి మనలో చాలామందిది, మనకది అదృష్టమని తెలియదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళిన తెలుగమ్మాయి కన్నడం నేర్చుకోవాలనుకుంది. లిపి సగం పరిచయమే. ఆమెకు దొరికేది రాత్రి భోజనమయ్యాక నలభై నిమిషాలు. ఆదివారాలు నాలుగేసి గంటలు కూర్చుందామని ఆమెకు అనిపిస్తుంది. ఆ నాలుగు గంటల్ని వారమంతా పంచుకోవడమే మంచిది. ఆ నలభైలో మొదటి పది నిమిషాలు పుస్తకం తెరవకుండా నిన్నటివి, మొన్నటివి గుర్తుచేసుకోవాలి. గుర్తురానిదాన్ని చూసుకోవాలి. కొత్తవి ఆ తరువాతే. మళ్ళీ ఎప్పుడు చూడాలన్నదానికి కూడా ఒక అంచనా ఉంది. నికొలస్ సెపెడా బృందం 2008లో వెయ్యిమందికి పైగా మనుషులతో చేసిన పరిశోధనలో తేలింది: వారం పాటు గుర్తుండాలంటే ఒకటి రెండు రోజుల ఎడంలో తిరగెయ్యడం మేలు, ఏడాది పాటు గుర్తుండాలంటే ఎడం కొన్ని వారాలు ఉండాలి. ఎంత ఎక్కువకాలం కావాలో అంత ఎక్కువ ఎడం. ఇంటి ఓనరుతో మాట్లాడేందుకు రేపే కావలసిన నాలుగు మాటలకూ, ఆ భాషలో నవల చదవాలన్న కోరికకూ ఒకే లెక్క సరిపోదు.

ఇంతవరకు నేర్చుకోవడం గురించే మాట్లాడాను. ఖాళీ సమయంలో అందరూ నేర్చుకోరు. కొందరు రాస్తారు, బొమ్మలు వేస్తారు, లెక్కలు చేస్తారు. వీటికి విరామం ఒక్కటే సరిపోదు. మొదలుపెట్టడానికే ఒక మూల్యం ఉంది. ఆఫీసు పని సగంలో వదిలి వచ్చి కాగితం ముందు కూర్చుంటే బుర్రలో ఆఫీసే తిరుగుతూంటుంది. సోఫీ లెరోయ్ 2009లో దీన్ని ప్రయోగంతో చూపించింది: ఒక పని తెగకుండా మధ్యలో లేచి ఇంకో పనిలోకి వెళ్ళినవాళ్ళ శ్రద్ధలో కొంత భాగం పాతదాని దగ్గరే ఉండిపోతుంది, కొత్త పని దెబ్బతింటుంది. తరువాత 2018లో ఆమే ఇంకొకరితో కలిసి విరుగుడు కూడా చూపించింది. లేచేముందు ఒక్క నిమిషం ఆగి, ఎక్కడ ఆపామో, తిరిగివచ్చాక మొదట చెయ్యవలసినదేమిటో కాగితం మీద పెట్టుకోవడం. అంతకంటే ఏమీ లేదు. బుర్ర దాన్ని పట్టుకుని వేలాడటం మానుతుంది.

ఇలాంటి కిటుకునే ప్రయోగశాల అక్కర్లేకుండా కనిపెట్టుకున్నవాడు ఇంకో తపాలా ఉద్యోగి, ఆంథొనీ ట్రాలప్. జెర్సీ దీవిలో 1852లో వీధి పోస్టు డబ్బాలు పెట్టించడం వెనక ఉన్నది ఈయనే. ముప్ఫై ఏళ్ళకు పైగా తపాలా శాఖలో పనిచేసిన ఈయన మొత్తం నలభై ఏడు నవలలు రాశాడు, వాటిలో కొన్ని ఉద్యోగంలో ఉండగానే. ఉదయం అయిదున్నరకు బల్ల ముందు ఉండేవాడు. ఆ వేళకు లేపి కాఫీ ఇచ్చినందుకు ఇంట్లో పనివాడికి ఏడాదికి అయిదు పౌన్లు అదనంగా ఇచ్చేవాడు. ఎదురుగా గడియారం పెట్టుకుని పావుగంటకు 250 మాటలు రాసేవాడు. తన ఆత్మకథలో ఇదంతా దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. కళ అంటే ఆవేశమని నమ్మే విమర్శకులు దాన్ని చదివి ముక్కు విరిచారు కూడా. నాకు ఇందులో నచ్చేది గడియారం కాదు, మొదటి అరగంట. ఉన్న మూడు గంటల్లో అరగంటను నిన్న రాసింది చదువుకోవడానికే కేటాయించాడు. అది దండగ అని ఆయన ఎన్నడూ అనుకోలేదు. తెగిన దారం ముడివేసుకోవడానికి ఆయన కట్టిన మూల్యం అది.

మన తపాలా శాఖలోనూ అలాంటివాడు ఉన్నాడు. 1972 ఆగస్టు 15న అమల్లోకి వచ్చిన ఆరంకెల పిన్‌కోడ్‌ను రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలణ్‌కర్. తెలుగువాళ్ళ చిరునామాలు 5తో మొదలయ్యే ఏర్పాటు ఆయనదే. ఆ శాఖలో పెద్ద అధికారిగా ఉంటూనే సంస్కృతంలో కావ్యాలు, నాటకాలు రాశాడు. ఆయన ఏ వేళలో రాసేవాడో గానీ, ఫైళ్ళ మధ్య శ్లోకానికి చోటు దొరికిందన్నది మాత్రం నిజం.

అసలు మొదలే పెట్టలేనివాళ్ళ మాటేమిటి? రేపట్నుంచి చేస్తాను అని గట్టిగా అనుకోవడం వల్ల ఏమవుతుందో 2002లో సారా మిల్న్, ఆమె సహచరులు చూశారు. విద్యార్థుల్లో ఒక గుంపుకు ఏమీ చెప్పలేదు. రెండో గుంపుకు వ్యాయామం చెయ్యకపోతే గుండెకు ఏమవుతుందో చెప్పి భయపెట్టారు. మూడో గుంపుకు అదే చెప్పి, వచ్చే వారం ఏ రోజు, ఏ వేళకు, ఎక్కడ చేస్తావో రాయమన్నారు. మొదటి గుంపులో 38 శాతం మంది చేశారు. భయపడ్డవాళ్ళలో 35 శాతం. రాసినవాళ్ళలో 91 శాతం. పట్టుదల గురించి మనకు ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఈ మూడు అంకెల్నీ ఒకసారి చూసుకోవాలి. తీరిక దొరికినప్పుడు చేస్తాననే మాటలో వేళా లేదు, చోటూ లేదు. రాత్రి గిన్నెలు సర్దగానే వంటింటి బల్ల దగ్గరే అనే మాటలో రెండూ ఉన్నాయి, వాటిని గుర్తుచెయ్యడానికి గిన్నెల చప్పుడే చాలు.

అలాంటి పని అలవాటుగా మారడానికి 21 రోజులు చాలనే మాట ఊరంతా వ్యాపించింది. దాని మూలం మాక్స్‌వెల్ మాల్ట్స్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం. ముక్కు సరిచేయించుకున్నవాళ్ళు తమ కొత్త మొహానికి అలవాటుపడటానికి కనీసం అంతకాలం పడుతుందని ఆయన గమనించాడు. కనీసం అన్న మాట దారిలో ఎక్కడో జారిపోయింది. లండన్‌లో ఫిలిపా లాలీ 96 మందిని పన్నెండు వారాలు పరిశీలించి 2010లో ప్రకటించిన లెక్క వేరు. నడిమధ్య మనిషికి 66 రోజులు. అందరికంటే తొందరగా కుదిరినవాడికి 18, ఆలస్యమయ్యేవాడికి లెక్కగట్టి చూస్తే 254. పొద్దున్నే గ్లాసుడు నీళ్ళు తాగడం తొందరగా అలవాటవుతుంది, వ్యాయామం అవదు. మనలో చాలామందికి పనికొచ్చే మాట ఆ పరిశోధనలోనే ఇంకొకటుంది: ఒక రోజు తప్పిపోతే అలవాటు చెడిపోలేదు. ఇంట్లో పెళ్ళి వచ్చిందనో జ్వరం వచ్చిందనో ఒకరోజు మానేసి, ఇంకేముంది పోయిందనుకుని మొత్తం వదిలేసేవాళ్ళు వదలనక్కర్లేదు.

ఇక ఆ గంట ఎక్కణ్ణుంచి వస్తుంది? అందరి చెయ్యీ మొదట నిద్ర మీదికి పోతుంది. ఏడు గంటల నిద్రను ఆరు చేసి గంట సంపాదించామనుకుంటారు. 2003లో హాన్స్ వాన్ డోంగెన్ బృందం కొందరిని ప్రయోగశాలలో ఉంచి రెండు వారాల పాటు రాత్రికి ఆరు గంటలే పడుకోనిచ్చింది. పద్నాలుగు రోజులు తిరిగేసరికి శ్రద్ధ పరీక్షల్లో వాళ్ళు ఒకటి రెండు రాత్రులు కన్నుమూయనివాళ్ళ స్థాయికి దిగజారారు. అంతకంటే భయపెట్టే సంగతి, వాళ్ళకది తెలియలేదు. మొదటి కొద్దిరోజుల తరువాత నిద్రమత్తు పెద్దగా పెరగలేదనే చెప్పుకొచ్చారు. జ్ఞాపకాలు కుదురుకునే వేళను కోసి జ్ఞాపకాలు సంపాదించడానికి ఖర్చుపెట్టడం ఏ లెక్కలోనూ లాభం కాదు. నేనైతే నిద్ర జోలికి పోకుండా, ఫోన్‌కు పోయే సమయం మీద చెయ్యి వేస్తాను.

ఖాళీ ఎంత ఉంటే మనిషి బాగుంటాడన్నదానికీ ఒక లెక్క కట్టారు. మారిసా షరీఫ్, ఇంకో ఇద్దరు 2021లో ఇరవై వేలమందికి పైగా అమెరికన్ల దినచర్యలు పరిశీలించారు. తీరిక పెరిగేకొద్దీ మనసు బాగుండటం రెండు గంటల దాకా పెరిగి ఆగిపోయింది, అయిదు గంటలు దాటితే తగ్గడం మొదలైంది. రెండు గంటలే చాలన్నమాట. ఆ రెండూ ఎవరికి దొరుకుతున్నాయన్నది వేరే ప్రశ్న.

దానికి జవాబు మన దేశంలోనే దొరుకుతుంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా మొదటిసారి కాల వినియోగ సర్వే చేసింది. నిన్న పొద్దున నాలుగింటి నుంచి ఇవాళ పొద్దున నాలుగింటి దాకా ఏ అరగంట ఏం చేశారని ఇంటింటికీ వెళ్ళి అడిగే సర్వే ఇది. జీతంలేని ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకు 299 నిమిషాలు గడుపుతున్నట్టు అప్పుడు తేలింది. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు చేసే మగవాళ్ళు నూటికి 26 మంది, ఆడవాళ్ళు 81 మంది. అందుకని ఈ అధ్యాయంలో చెప్పినవన్నీ అందరికీ ఒకేలా అక్కరకు రావు. కుక్కర్ కూతల మధ్య దొరికే అయిదేసి నిమిషాల్లో నిన్నటి కన్నడ మాటలు గుర్తుచేసుకోవచ్చు. అలా చెదిరిన ముక్కలకు ఆ సాధన చక్కగా నప్పుతుంది, ఎడమే దానికి బలం గనక. ట్రాలప్ అరగంట మాత్రం అందులో ఇమడదు. రాయాలన్నా, ఒక లెక్క తేల్చాలన్నా ఎవరూ పిలవని గంట ఒకటి కావాలి. ట్రాలప్‌కు ఆ గంటల్ని అమర్చినవాడికి ఏడాదికి అయిదు పౌన్లు ముట్టేవి. మన ఇళ్ళల్లో ఆ కాఫీ పెట్టేవాళ్ళకు ఏమీ ముట్టదు, వాళ్ళ గంట గురించి ఎవరూ అడగరు.

2024లో అదే సర్వే రెండోసారి జరిగింది. ఆడవాళ్ళ 299 నిమిషాలు 289 అయ్యాయి. మగవాళ్ళ 97 నిమిషాలు 88 అయ్యాయి.